గయలో వదిలేసిన బస్సు

తిరుపతి నుంచి కాశీ, గయలకు పోయే యాత్ర బస్సులో నేను ఇరవై ఆరేళ్లు వంట చేశాను. మోకాళ్లు పట్టేసి మానేశాను. నా పనిలో ఇప్పుడు రేణిగుంట నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు చేరారు. వాళ్ల మొదటి యాత్ర వచ్చే నెలలో. మొన్న మా ఇంటికి వచ్చి, "ఎట్ల చెయ్యాలో చెప్పు పెద్దమ్మా" అన్నారు. ముప్పై మందికి బియ్యం ఎంత, పప్పు ఎంత, ఎసరు ఎంత అని చెప్పాను. అరగంటలో అయిపోయింది. వాళ్లు వెళ్లిపోయాక, చెప్పవలసింది అది కాదనిపించింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

బస్సులో వంట

మా బస్సు డిక్కీలో రెండు స్టవ్‌లు, సిలిండర్లు, గుండిగలు, బియ్యం బస్తాలు, చింతపండు, ఊరగాయ జాడీలు ఉండేవి. ఇరవై రెండు రోజుల యాత్ర. నీళ్లు, నీడ ఉన్న చోట బస్సు ఆపి వండాలి. పెట్రోలు బంకుల పక్కన వండాను, సత్రాల వెనక వండాను. ఒకసారి మూసిన రైల్వే గేటు దగ్గర ఉప్మా మొదలుపెట్టాను. గేటు ఎంతకీ తెరవలేదు. వాసన తగిలి వెనకనున్న లారీల వాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చారు.

మన వైపు వాళ్లు నాగపూరు దాటితే రొట్టె చూసి ముఖం తిప్పుకుంటారు. అన్నం, చారు, చెనిక్కాయలు వేసి నూరిన ఊరుబిండి పచ్చడి ఉంటే ఎండనైనా చలినైనా ఓర్చుకుంటారు. మొదటి రోజు బస్సులో అందరూ దేవుడి గురించి మాట్లాడతారు. పదో రోజుకు అన్నం గురించి తప్ప మాట్లాడరు. దీన్ని తప్పుగా తీసుకోవద్దు. ఊరు కాని ఊళ్లో వాళ్లకు సొంత ఇంటిది మిగిలింది అదొక్కటే.

ఎవరికి షుగరు, ఎవరికి పళ్లు లేవు, ఎవరు శనివారం ఒంటిపూట, ఇవన్నీ రెండు రోజుల్లో తెలిసిపోతాయి. తెలియనిది ఒకటుంది. గయలో ఎవరు ఏం వదిలారు అన్నది అడిగి తెలుసుకోవాలి, తెలుసుకున్నాక మరిచిపోకూడదు.

కాయ ఒకటి, పండు ఒకటి

గయలో పెద్దలకు పిండాలు పెట్టాక, ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదలాలి. ఇక బతికున్నంతకాలం వాటిని తినకూడదు. మనవాళ్లు తెలివైనవాళ్లు. ఎక్కువమంది కాకరకాయ వదులుతారు. ఒకాయన, "మా ఇంటామె చేసే ఉప్మా వదుల్తాను" అన్నాడు. ఆమె, "వదులు, నేను వంటింటిని వదుల్తా" అంది. ఆయన వెంటనే పొట్లకాయకు మారిపోయాడు.

సుగుణమ్మ మామిడిపండు వదిలింది. వాళ్లది బంగారుపాళ్యం, ఊరి పక్కనే మామిడి తోట. భర్త పోయిన ఏడాది మొదటిసారి మా బస్సెక్కింది.

"తోట పెట్టుకోని మామిడి వదిలేదేందమ్మా? కాకరకాయ వదలకూడదా?" అన్నాను.

"ఇష్టం లేనిది వదిల్తే వదిలినట్టా?" అంది.

ఆ తర్వాత ఆమె ఏటా వచ్చింది. ఊరికే రాలేదు. తనతో పదిమందిని, పదిహేనుమందిని, చివరికి ఇరవైమందికి పైగా తీసుకొచ్చేది. "సుగుణమ్మ పోతాందంటే బస్సు మంచిదే" అని వాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో అనుకునేవాళ్లు. వచ్చిన ప్రతిసారీ ఇంకొక కాయ వదిలేది.

అప్పటికి నాకు చదువు రాదు. అందరివీ తలలోనే పెట్టుకునేదాన్ని. ఆమె ఐదో యాత్రలో వానకు డిక్కీలోకి నీళ్లుపోయి చింతపండు పాడైంది. ఎవరో ఇచ్చిన మామిడి ఒరుగులు ఉంటే పప్పులో వేశాను. సుగుణమ్మ రెండు ముద్దలు తిని ఆగింది.

"పులుపుకు ఏం వేసినావు మునెమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది. నోటికొచ్చింది మాత్రం వేరు. "చింతపండే అమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుంది. ఆ రోజంతా మజ్జిగతో గడిపింది. మర్నాడు పొద్దున నేనే పోయి నిజం చెప్పాను.

"నిన్ననే తెలుసు. మామిడి తోటలో ముసలిదాన్నైనాను, నా నాలికకు తెలవదా? మర్సిపోతే మర్సిపోతివి, అది మనిషి చేసేదే. చింతపండని ఎందుకు చెప్తివి?"

"భయమేసిందమ్మా."

"నీకు భయమేసినప్పుడంతా నేను గిన్నెలో చెయ్యి పెట్టి చూసుకోవాల్నా?"

మళ్లీ ఆమే, "రాసి పెట్టుకోకూడదా?" అంది. రాదన్నాను. ఆమె సీటు డ్రైవరు వెనకది. ఆ యాత్రలోనే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు మొదలుపెట్టింది. ఊపిరి పీల్చుకుని రాసేలోగా బస్సు గుంతలో పడేది, అక్షరం పక్క లైనులోకి పోయేది. ఇంటికొచ్చాక మా వీధిలో ఒక టీచరమ్మ దగ్గర మిగతాది నేర్చుకున్నాను. నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాది ఉత్సాహంగా బోర్డులు చదువుదామని బస్సు దిగితే అన్నీ హిందీలో ఉన్నాయి. కానీ ఆ తర్వాత ఎవరు ఏం వదిలారన్నది ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ తప్పు మళ్లీ చేయలేదు. అంతకంటే పెద్దది చేశాను.

ముసలిదైన బస్సు

మా ఓనరు రెడ్డెప్ప. నేను చేరినప్పుడు ఆయనకు ఆరు బస్సులు. యాత్ర బయల్దేరే ప్రతిసారీ తెల్లారేసరికి స్నానం చేసి వచ్చేవాడు. ముందు చక్రం దగ్గర ఆయనే గుమ్మడికాయ కొట్టేవాడు. బస్సెక్కి ప్రతి ముసలమ్మ కాళ్ల దగ్గర సంచి ఎక్కడుందో చూసి దిగేవాడు. గట్టివాడు, నోరు మంచిది కాదు, పని మంచిది.

తర్వాత విమానాలు వచ్చాయి, ప్రత్యేక రైళ్లు వచ్చాయి. బస్సులు ఒక్కొక్కటీ పోయి ఒకటే మిగిలింది. అది ఆయన మొదట కొన్న బస్సు. బాడీ రెండుసార్లు కట్టించారు, ఇంజను విప్పి బిగించారు. ఆయనకూ వయసైంది. కూతురు శైలజ ఆఫీసులో కూర్చోవడం మొదలుపెట్టింది.

సంస్థ ముసలిదైందని అందులో పనిచేసే మాకు తెలియలేదు. రోజూ చూసే ముఖంలో ముడతలు కనపడవు. ఏడాదికోసారి వచ్చే సుగుణమ్మకు కనపడ్డాయి. పదకొండో యాత్రకు పేర్లు రాయించడానికి వచ్చి, నన్ను ఆఫీసు వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి పిలిచింది.

"మునెమ్మా, ముందు ఇద్దరు డ్రైవర్లు వచ్చేవాళ్లు. పోయినేడు ఖాదరొక్కడే నడిపినాడు. ఎందుకట్ల?"

"రెండో ఆయన మానేసినాడమ్మా."

"మానేస్తే ఇంకొకర్ని పెట్టుకోరా? కర్టెన్లు ఉతికి ఎన్నాళ్లయింది? రెడ్డెప్ప గుమ్మడికాయ కొట్టేదానిక్కూడా రాలేదు, ఫోన్లో చెప్పి కొట్టించినాడు. నాకు ఒక్కదానికైతే అడగను. నన్ను చూసి ఇరవై రెండు మంది ఎక్కుతారు. అందరూ నాకంటే పెద్దోళ్లు. బస్సు ఎట్లుండాది, నిజం చెప్పు."

బస్సు ఎలా ఉందో నాకు తెలుసు. రెండు వారాల ముందే ఖాదర్ బాయ్ నా ముందే ఓనరుతో, "ఘాట్లు దిగేటప్పుడు బ్రేకు పట్టేది లేటయితాంది సార్. లైనర్లు మార్చితే సరిపోదు, పూర్తిగా చూపించాల" అన్నాడు. సీజను అయ్యాక చూద్దామని ఓనరు అన్నాడు. ఆ పొద్దున ఓనరు నన్ను కూడా పిలిచి, "సుగుణమ్మ వస్తాది, ఆమెకు ధైర్యం చెప్పు" అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. అది నేనే కలిపాను.

"ఏం భయం లేదు రాండమ్మా, వండి పెట్టేదానికి నేనుండాను గదా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి ఇరవై మూడు పేర్లు రాయించింది.

మాడు వాసన

జబల్పూరు దాటాక ఒక ఘాటు దిగుతున్నాం. పొద్దున పదిగంటలు. నాకు మాడు వాసన వచ్చింది. ఏ గిన్నె అడుగంటిందా అని వెనక్కి తిరిగాను. స్టవ్ ఆర్పేసి మూడు గంటలైందని అప్పుడు గుర్తొచ్చింది. మాడుతున్నవి బ్రేకులు.

ఖాదర్ బాయ్ మెడ మీద నరాలు లేచాయి. గేరు మార్చుతూ, కొండవైపు మట్టిగట్టుకు బస్సును రాసి రాసి ఆపాడు. ఎడమవైపు అద్దాలన్నీ పోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అతను కిందికి దిగి చక్రం దగ్గర కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఖాదరూ, లే నాయనా. నువ్వు ఆపినావు గాబట్టి కూర్చోని ఉండాం" అంది సుగుణమ్మ.

అక్కడ నీడ లేదు, సెల్లుకు సిగ్నల్ లేదు. మెకానిక్కు వచ్చి, గయ దాకా పోయేటట్టు బ్రేకు సర్దేసరికి సాయంత్రమైంది. మునిరత్నం తాత అని సుగుణమ్మ తెచ్చిన మనిషి, ఎనభై ఏళ్లు, ఎండకు పడిపోయాడు. తడిగుడ్డలు వేసి, చక్కెర నీళ్లు పోసి, వచ్చే జీపును ఆపి ఊళ్లో ఆస్పత్రికి పంపాం. ఒక రోజు సెలైను ఎక్కించాక తేరుకున్నాడు. తేరుకుని మొదట అడిగింది, "ఈపొద్దు కూరేంది?" అని. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

సుగుణమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు రోజుల తర్వాత, కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని కత్తిపీట అందుకుని, వంకాయ తరుగుతూ అంది.

"నేను నిన్ను బస్సు సంగతి అడిగితి. నువ్వు అన్నం సంగతి చెప్పినావు."

ఆమె ఇంకో వంకాయ అందుకుంది.

"నీ అన్నం మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు మునెమ్మా. దాన్ని తీసుకపోయి బ్రేకుల మీద కప్పినావు."

ఈ పనిలో చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాత ప్రయాణికులకు ఓనరు మీద కోపం ఉన్నా, బస్సు మీద అనుమానం ఉన్నా, రోజూ అన్నం పెట్టే మనిషి మాట నమ్ముతారు. ఆ సంగతి ఓనర్లకు తెలుసు. మనకే తెలియదు.

ఆమె వదిలింది

గయలో పిండాలు పెట్టడం అయింది. అక్కడ తెలుగు వచ్చిన పంతులు ఒకాయన ఉన్నాడు, ఏటా మావాళ్లకు ఆయనే చేయిస్తాడు. "ఈసారి ఏం వదులుతారమ్మా?" అని సుగుణమ్మను అడిగాడు.

"పదకొండు తూర్లు వచ్చినాను సామీ. వదిలేదానికి కాయలు అయిపోయినాయి. ఈ తూరి మా బస్సు వదుల్తాండా."

పంతులు నవ్వాడు. "బస్సు కాయా పండా అమ్మా?"

"ఇష్టమైంది వదలమని గదా మీరు చెప్పేది. ఆ బస్సంటే నాకు ఇష్టం. డ్రైవరు వెనక సీటు నా ఇల్లు మాదిరి. అందుకే వదుల్తాండా. నీళ్లు పోయండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. నీళ్లు పోశాడు. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి కానీ గొంతు మారలేదు. వెనకనుంచి మునిరత్నం తాత, "సుగుణమ్మ వదిల్తే నేనూ వదిలినట్టే. నాకూ పోయండి సామీ" అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. నేను కూరగాయల సంచి పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను.

గయలో వదిలినదాన్ని మళ్లీ ముట్టుకోరు. బస్సులోంచి సంచులు తెప్పించుకుని, ఇరవై ముగ్గురూ రైలు టికెట్ల కోసం రెండు రోజులు గయలోనే ఉండిపోయారు. మేము మిగిలిన పదిహేడు మందితో తిరిగొచ్చాం. నలభై మందికి వండే గుండిగలో పదిహేడు మందికి వండితే అన్నం అడుగంటుతుంది. ఎన్ని నీళ్లు పోసినా దారి పొడవునా అడుగంటింది.

రంగు

రెడ్డెప్ప మొదట నవ్వేశాడు. "బస్సును వదిలేదేంది, ఏ శాస్త్రంలో ఉండాది?" అన్నాడు. మరుసటి సీజను వచ్చింది. బంగారుపాళ్యం వైపు నుంచి ఒక్క పేరు రాలేదు. నవ్వు పోయింది.

బస్సును షెడ్డుకు పంపాడు. నీలం పోయి తెల్లరంగు వచ్చింది, ఎర్ర గీతలు, కొత్త సీటు కవర్లు, కొత్త అద్దాలు. బ్రేకులకు లైనర్లే మార్చారు. ఖాదర్ బాయ్ చూసి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఓనరు నన్ను పిలిచాడు.

"మునెమ్మా, నువ్వు బంగారుపాళ్యం పోయి రా. కొత్త బస్సు వచ్చిందని చెప్పు. ఆమె వదిలింది పాత బస్సును గదా. నీ మాటైతే వింటాది."

శైలజ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తల ఎత్తి తండ్రిని చూసింది.

నేను వెళ్లాను. ఆ పని పోతే నాకు ఇంకో పని లేదు. ఇరవై ఆరేళ్లలో వేరే పొయ్యి దగ్గర నిలబడలేదు. దారి పొడవునా ఏం చెప్పాలో సర్దుకుంటూ కూర్చున్నాను. బంగారుపాళ్యంలో దిగేసరికి పల్పు ఫ్యాక్టరీల దగ్గర మామిడి లోడ్లు బారులు తీరి ఉన్నాయి.

సుగుణమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది, మజ్జిగ ఇచ్చింది. కోడలి పురుడు, తోటలో పురుగు, అన్నీ చెప్పింది. చివరికి అంది.

"ఊరికే రావుగదా. చెప్పు."

"అయ్య పంపించినాడు. కొత్త బస్సు వచ్చిందని చెప్పమన్నాడు."

"వచ్చిందా?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"రాలేదమ్మా. అదే బస్సు. రంగు వేసినారు. ఖాదర్ తాళాలిచ్చి పోయినాడు. ఎవురు పిలిచినా ఎక్కొద్దు, నేను పిలిచినా ఎక్కొద్దు."

ఆమె ఆ గ్లాసు తీసుకుని లేచి, "అన్నం తినేసి పో" అంది. ఆ రోజు నాకు ఆమె వండి పెట్టింది. మారు వడ్డించింది. ఇంక బస్సు మాట ఎత్తలేదు.

తిరుపతి వచ్చి ఓనరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదా మునెమ్మా."

"ఆ ఒక్క మాట పోయినేడే చెప్పేసినానయ్యా. మళ్లా చెప్పలేను."

"నాది తినుకుంటా నా బస్సు ఎక్కొద్దని చెప్పొస్తావా?"

అప్పుడు శైలజ లేచింది. "నాయనా, ఆమె చెప్పకుంటే నేను పోయి చెప్పేదాన్ని. ఆ బస్సు నీ మొదటి బస్సని తెలుసు. అందుకే వద్దంటాండా. దాంట్లో జనం పోతే ఇన్నేండ్ల పేరు ఒక్క మలుపులో పోతాది."

ఆయన కూతురి ముఖం చూశాడు, బయట నిలబెట్టిన తెల్లబస్సును చూశాడు. ఆ ఏడాది యాత్ర లేదని బోర్డు పెట్టమన్నాడు. నన్ను పనిలోంచి తీసేయలేదు, ఉండమని కూడా అనలేదు. బస్సును తుక్కుకు తీసుకుపోయిన రోజు ఆయన ఆఫీసుకు రాలేదు. ఆయన్ను నేను ఇప్పటికీ తప్పుపట్టను. ఆయన నన్ను మోసం చేయలేదు, తనను తాను మోసం చేసుకున్నాడు. ఇష్టమైనదాన్ని వదలడం ఆయనకు సుగుణమ్మ కంటే కష్టమైంది.

ఆమె మళ్లీ అడిగింది

ఈ ఏడాది శైలజ వేరే బస్సు తెచ్చింది. కొనలేదు, సీజనుకు మాట్లాడుకుంది. చిన్నది, ముప్పై సీట్లు. ఖాదర్ బాయ్‌ను ఇంటికి పోయి పిలుచుకొచ్చి, అతను చూసి సరేనన్నాకే ఒప్పుకుంది. ఇద్దరు డ్రైవర్లు. సంస్థ నిలబడుతుందో లేదో నేను చెప్పలేను. ఈ కాలంలో ఇరవై రెండు రోజులు బస్సులో కూర్చునేవాళ్లు తగ్గుతున్నారు.

పోయిన వారం సుగుణమ్మ తిరుచానూరుకు అమ్మవారి దర్శనానికి వచ్చి, అట్నుంచి ఆఫీసుకు వచ్చింది. శైలజ ఫోను చేస్తే నేనూ వెళ్లాను. సుగుణమ్మ బస్సెక్కి కూర్చుంది, దిగింది. చక్రాల దగ్గర ఖాదర్‌తో ఏదో మాట్లాడింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"బస్సు సంగతి ఖాదర్ చెప్పినాడు. ఇంగ అన్నం సంగతి చెప్పు. నువ్వు రావంట గదా, వచ్చేవాళ్ల వంట ఎట్లుండాది?"

శైలజ నా వైపు చూసింది. ముప్పై సీట్లలో అప్పటికి ఆరు నిండాయి. సుగుణమ్మ వస్తే బస్సు కదులుతుంది, లేకపోతే లేదు. అంతకు రెండు రోజుల ముందే కొత్తగా చేరిన అక్కాచెల్లెళ్లతో శైలజ ఆఫీసు పెరట్లో వండించి, నాకు తినిపించింది.

"చారు బాగుండాది. ఊరుబిండి నాకంటే బాగా నూరతారు. పప్పు పలుచన, ఉప్పు చాలదు. జనం ఎక్కువైతే చెయ్యి వణుకుతాది, నీళ్లు ఎక్కువ పోస్తారు. రెండు యాత్రలు పోతే కుదురుతారు" అన్నాను.

సుగుణమ్మ శైలజ వైపు తిరిగింది.

"ఇరవై పేర్లు రాసుకో పాపా. పప్పు పలుచనని మావాళ్లకు నేను ముందే చెప్తాను."

కాబట్టి, తల్లులారా, మీ ఇద్దరి పప్పు పలుచన అని ఆమెకు చెప్పింది నేనే. బస్సెక్కాక ఎవరో అనేలోగా నా నోటితో మీకు తెలియాలని రాస్తున్నాను.